డి డ్రైవ్ ఖాళీగా ఉంది, ఏం చేద్దాం?

ఇంట్లో కంప్యూటర్ ఉన్నవారిలో చాలామందికి ఎదురయ్యే చిక్కు ఒకటుంది. సి డ్రైవ్ కింద గీత ఎర్రబడుతుంది. అప్‌డేట్‌కి చోటు చాలడం లేదని విండోస్ పదే పదే చెబుతుంది. అదే డిస్కులో డి అనీ, ఈ అనీ మరో రెండు డ్రైవులు దాదాపు ఖాళీగా పడి ఉంటాయి. చోటు లేక కాదు, ఉన్న చోటు అక్కరకు రాక ఇబ్బంది. ఈ ఖాళీ పార్టిషన్లు, అంటే డిస్కులోని ఈ భాగాలు ఎలా వచ్చాయి, వాటిలో నిజంగా ఖాళీవి ఏవి, ముట్టుకోకూడనివి ఏవి, మిగిలిన చోటును ఎలా కలుపుకోవాలి అన్నది ఈరోజు ప్రసంగం. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. రాసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

ముందు చరిత్ర కొంచెం చూద్దాం. ఐబీఎం కంపెనీ 1983లో పీసీ ఎక్స్‌టీ అనే కంప్యూటర్‌ను తెచ్చింది. అందులో హార్డ్‌డిస్క్ 10 మెగాబైట్లు. ఇవాళ ఫోనుతో తీసే ఫొటోలు రెండు మూడు పెడితే అది నిండిపోతుంది. అప్పటికే ఎ, బి అనే అక్షరాలను ఫ్లాపీ డ్రైవులు తీసేసుకున్నాయి కాబట్టి హార్డ్‌డిస్కుకు సి వచ్చింది. ఫ్లాపీలు కనుమరుగైనా ఆ అక్షరం అలాగే నిలిచిపోయింది. డిస్కును భాగాలు చేసే ఎఫ్‌డిస్క్ అనే ప్రోగ్రామ్ కూడా ఆ ఏడాదే, విండోస్‌కు ముందు వాడిన డాస్ 2.0తో వచ్చింది. ఏ భాగం ఎక్కడ మొదలై ఎంతవరకు ఉందో చెప్పే పట్టికను డిస్కు మొట్టమొదటి సెక్టార్‌లో, అంటే 512 బైట్ల చోటులో రాసేవారు. ఆ పట్టికలో నాలుగు వరసలు మాత్రమే పడతాయి.

తర్వాత డిస్కులు పెద్దవవుతూ పోయాయి. డాస్ మాత్రం ఆ వేగాన్ని అందుకోలేదు. కొంతకాలం ఒక్కో పార్టిషన్ 32 మెగాబైట్లు దాటడానికి వీల్లేకపోయింది. 1987లో వచ్చిన డాస్ 3.3, ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ అనే పద్ధతితో ఒకే డిస్కులో మరిన్ని డ్రైవులు చేసుకునే వీలు కల్పించింది. తర్వాత ఆ హద్దు 2 గిగాబైట్లకు చేరింది. 1996లో విండోస్ 95 సవరించిన విడతతో ఫ్యాట్ 32 అనే కొత్త ఫైళ్ల పద్ధతి వచ్చేదాకా, 4 గిగాబైట్ల డిస్కు కొన్నవారు దాన్ని కనీసం రెండు ముక్కలు చేయక తప్పేది కాదు. అంటే ముక్కలు చేయడం ఆనాటి అవసరం.

ఆ అవసరం తీరాక కూడా అలవాటు మిగిలింది. దానికీ మంచి కారణమే ఉంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ మొదలుకొని మన ఊళ్లలోని చిన్న చిన్న కంప్యూటర్ షాపుల దాకా, అసెంబుల్డ్ సిస్టమ్ తయారుచేసి ఇచ్చేవారు సి, డి, ఈ, ఎఫ్ అని మూడు నాలుగు డ్రైవులు చేసి ఇవ్వడం మామూలైంది. వైరస్ వచ్చినా, విండోస్ చెడినా సి ఒక్కటే ఫార్మాట్ చేసి మళ్లీ విండోస్ వేస్తే సరిపోయేది. డి లోని పెళ్లి ఫొటోలు, పిల్లల ప్రాజెక్టులు, ఆఫీసు కాగితాలు కదలకుండా ఉండేవి. విడిగా మరో డిస్కు కొనడం భారమైన రోజుల్లో అది తెలివైన ఏర్పాటే.

మరి ఇప్పుడు అదే ఏర్పాటు ఎందుకు ఇబ్బంది పెడుతోంది? విండోస్ ఎక్స్‌పీకి 1.5 గిగాబైట్ల చోటు చాలునని మైక్రోసాఫ్ట్ చెప్పింది. విండోస్ 11కి కనీసం 64 గిగాబైట్లు కావాలని అదే సంస్థ చెబుతోంది. ఆ రోజుల లెక్కతో 40, 50 గిగాబైట్లు చాలనుకుని కట్టిన సి డ్రైవ్ ఈనాటి విండోస్‌కూ, దాని అప్‌డేట్‌లకూ, ప్రోగ్రాములకూ ఇరుకైపోయింది. పైగా సొంత ఫైళ్లను ఉంచి విండోస్‌ను మాత్రమే తిరిగి వేసుకునే సదుపాయం విండోస్ 8 నుంచి అందులోనే ఉంది. కాబట్టి డి, ఈ, ఎఫ్ అనే విభజనకు ఒకప్పుడున్నంత పని ఇప్పుడు లేదు.

సరే, పనిలోకి దిగే ముందు మీ డిస్కులో ఏమేం ఉన్నాయో చూడాలి. విండోస్ బొమ్మ ఉన్న కీని, ఎక్స్ కీని కలిపి నొక్కితే ఒక జాబితా వస్తుంది. అందులో డిస్క్ మేనేజ్‌మెంట్ అనే వరసను ఎంచుకోండి. తెర కింది భాగంలో మీ డిస్కు ఒక పొడవాటి పట్టీలా, దానిలోని భాగాలు గడులుగా కనిపిస్తాయి. ఊరికే చూడడం వల్ల ప్రమాదమేమీ లేదు. ప్రతి గడిలో ఉన్న పేరు, పరిమాణం కాగితం మీద రాసుకోండి. లేదా ఫోనుతో ఒక ఫొటో తీసుకోండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఖాళీగా కనిపించడం వేరు, ఖాళీగా ఉండడం వేరు. ఆ గడుల్లో కొన్నింటికి అక్షరం ఉండదు. నూరు శాతం ఖాళీ అని చూపిస్తుంది. అది చూసి వాటిని పనికిరానివనుకోకండి.

అలాంటి వాటిలో మొదటిది ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్. చాలా కంప్యూటర్లలో ఇది 100 మెగాబైట్ల దగ్గర ఉంటుంది. కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్‌ను లేపే ఫైళ్లు దీనిలోనే ఉంటాయి. ఇది పోతే విండోస్ చెక్కుచెదరకుండా ఉన్నా కంప్యూటర్ లేవదు. రెండోది రికవరీ పార్టిషన్. విండోస్ చెడినప్పుడు బాగుచేసే పనిముట్లు ఇందులో ఉంటాయి. దీని విలువ ఎంతటిదో 2024 జనవరిలో చాలామందికి తెలిసింది. ఆ నెల వచ్చిన ఒక విండోస్ 10 భద్రతా అప్‌డేట్, రికవరీ పార్టిషన్‌లో తగినంత చోటు లేని కంప్యూటర్లలో ఎక్కలేదు. ఆ పార్టిషన్‌ను 250 మెగాబైట్లు పెంచుకోమని మైక్రోసాఫ్టే సూచించవలసి వచ్చింది. ఈ రెండింటినీ తీసేస్తే మీకు మిగిలేది ఒక గిగాబైటో, అంతకు కాస్త ఎక్కువో. పోయేది మాత్రం కంప్యూటర్‌ను తిరిగి లేపుకునే దారి. వీటి జోలికి వెళ్లకండి.

కొన్ని ల్యాప్‌టాప్‌లలో తయారీదారు పెట్టిన మరో పెద్ద రికవరీ పార్టిషన్ కూడా ఉంటుంది. పది, ఇరవై గిగాబైట్ల దాకా తీసుకుంటుంది. ల్యాప్‌టాప్‌ను కొన్నప్పటి స్థితికి తెచ్చే విండోస్ ప్రతి అందులో ఉంటుంది. దాన్నుంచి యూఎస్‌బీలో రికవరీ డ్రైవ్ తయారుచేసుకుని, అది పనిచేస్తోందని చూసుకున్నాకే తీసే ఆలోచన చేయాలి.

ఇంకో రకం, విండోస్ లాంటిదే మరో వ్యవస్థ అయిన లినక్స్ పాత పార్టిషన్. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఉబుంటునో, సీడాక్ వారి బాస్ లినక్స్‌నో విండోస్ పక్కన వేసుకుని, ఆ తర్వాత మరిచిపోయినవారు చాలామంది. లినక్స్ వాడే ఎక్స్‌టీ4 పద్ధతిని విండోస్ చదవలేదు. అందుకని దాని మీద ఏ పేరూ చూపించదు. దానికి అక్షరం ఉంటే మాత్రం, తెరవబోయినప్పుడు దీన్ని వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయనా అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు వెంటనే అవునని చెప్పకండి. లోపల ఎవరి ఫైళ్లయినా ఉండవచ్చు. విండోస్‌కు చదవడం రాకపోయినంత మాత్రాన అందులో ఏమీ లేదని కాదు. లినక్స్ ఎరగని కంప్యూటర్‌లో, నిన్నటిదాకా బాగా తెరుచుకున్న డ్రైవే హఠాత్తుగా ఈ ప్రశ్న అడుగుతోందంటే, ఆ డిస్కు పాడవుతోందేమోనని అనుమానించాలి.

ఒక టెరాబైట్ డిస్కు కొన్నవారికి మరో అనుమానం వస్తుంది. డబ్బా మీద 1 టెరాబైట్ అని ఉంది, విండోస్ 931 గిగాబైట్లే చూపిస్తోంది, మిగతాది ఏ పార్టిషన్‌లో దాచారు అని. ఎక్కడా దాచలేదు. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కపెడతాడు, విండోస్ 1024 చొప్పున లెక్కపెడుతుంది. తేడా అంతా ఆ లెక్కలోదే. దాని కోసం వెతకనవసరం లేదు.

ఇక మార్పులు చేసే ముందు తప్పనిసరి పనులు మూడు.

మొదటిది, డిస్కులో పోగొట్టుకోలేని ప్రతి ఫైలునూ మరో డిస్కులోకి కాపీ చేయండి. కాపీ అయిందనుకోవడం కాదు, అక్కడ తెరిచి చూడండి. రెండోది, బిట్‌లాకర్ అనే విండోస్ తాళం. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు తనంతట తానే తాళం వేసుకుని ఉంటుంది. పార్టిషన్లు కదిపాక విండోస్ 48 అంకెల రికవరీ కీ అడిగే అవకాశం ఉంది. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందో లేదో ముందే చూసి కాగితం మీద రాసిపెట్టుకోండి. పని జరిగినంతసేపు బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేసి ఉంచండి. మూడోది, కరెంటు. పార్టిషన్‌ను ఒకచోటి నుంచి మరోచోటికి జరిపే పనికి గంటలు పట్టవచ్చు. మధ్యలో కరెంటు పోతే సగం జరిగిన డేటా అటూ ఇటూ కాకుండా పోతుంది. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద, ఎండాకాలం మధ్యాహ్నం ఈ పని పెట్టుకోకండి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండుగా ఉంచి, ఛార్జర్ కూడా పెట్టి మొదలుపెట్టండి.

ఇప్పుడు అసలు పని. పార్టిషన్లంటే పొలంలో గట్లు వేసి చేసిన మడులనుకోండి. పక్కపక్కన ఉన్న మడుల మధ్య గట్టు తీస్తే రెండూ ఒకటవుతాయి. మధ్యలో మూడో మడి ఉంటే కలవవు. విండోస్‌లోని ఎక్స్‌టెండ్ వాల్యూమ్ కూడా అంతే. సి కి కుడివైపున, ఆనుకుని, ఎవరికీ కేటాయించని చోటు ఉంటేనే ఆ మాట నొక్కడానికి వీలవుతుంది. లేకపోతే అది మసకగా కనిపిస్తుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. డి డ్రైవ్‌ను ష్రింక్ వాల్యూమ్‌తో తగ్గిస్తే ఆ చోటు సి కి వస్తుందనుకుంటారు. రాదు. ష్రింక్ చేస్తే ఖాళీ ఆ డ్రైవ్ కుడి చివర పుడుతుంది. అంటే డి కి అవతల. సి కి, ఆ ఖాళీకి మధ్య డి అడ్డంగానే ఉంటుంది. కాబట్టి విండోస్ పనిముట్లతోనే చేయాలంటే దారి ఇది. డి లోని ఫైళ్లన్నీ బయటి డిస్కుకు తరలించండి. డి లో ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రాములు ఏవైనా ఉంటే వాటిని ముందే అన్‌ఇన్‌స్టాల్ చేయండి. తర్వాత డి మీద రైట్ క్లిక్ చేసి డిలీట్ వాల్యూమ్ ఎంచుకోండి. నొక్కేముందు అక్షరాన్ని, పరిమాణాన్ని మీరు రాసుకున్న కాగితంతో మరోసారి సరిచూడండి. ఖాళీ అయిన చోటు అన్‌అలొకేటెడ్ అని నల్లటి గీతతో కనిపిస్తుంది. అప్పుడు సి మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌టెండ్ వాల్యూమ్‌తో కావలసినంత కలుపుకోండి. మిగిలిన చోటుతో మళ్లీ డి చేసుకోవచ్చు.

పాత కంప్యూటర్లలో ఒక అడ్డంకి ఉంది. డి, ఈ డ్రైవులు ఆకుపచ్చ చట్రంలో ఉంటే అవి ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ లోపలివని అర్థం. అక్కడ డి ఒక్కటే తీసేస్తే ఆ చోటు ఆ చట్రం లోపలే ఉండిపోతుంది, సి కి దొరకదు. లోపలి డ్రైవులన్నీ ఖాళీ చేసి, చట్రాన్ని కూడా తీసేయాలి. కొత్త కంప్యూటర్లలో జీపీటీ అనే పట్టిక ఉంటుంది. అందులో విండోస్ 128 పార్టిషన్ల దాకా చేయనిస్తుంది, పట్టిక నకలు ఒకటి డిస్కు చివర కూడా ఉంచుతుంది. అక్కడ ఈ చట్రం గొడవ ఉండదు.

కొత్త కంప్యూటర్లలో ఇబ్బంది వేరేది. సి కి, డి కి మధ్య రికవరీ పార్టిషన్ కూర్చుని ఉంటుంది. డి ని తీసేసినా ఎక్స్‌టెండ్ మసకగానే ఉంటుంది. జీపార్టెడ్ వంటి ఉచిత ప్రోగ్రామ్‌ను యూఎస్‌బీ నుంచి నడిపి రికవరీ భాగాన్ని పక్కకు జరపవచ్చు. కానీ అది ఆ పని తెలిసినవారు దగ్గరుండి చేయవలసింది. ఇంట్లో మొదటిసారి చేసేవారికి నేను ఇచ్చే సలహా, సి ని పెంచే బదులు సి మీద బరువు తగ్గించండి. డాక్యుమెంట్స్, పిక్చర్స్, వీడియోస్ ఫోల్డర్ల ప్రాపర్టీస్‌లో లొకేషన్ అనే ట్యాబ్ ఉంటుంది. అక్కడ మూవ్ నొక్కి డి లోని ఒక కొత్త ఫోల్డర్‌ను చూపిస్తే ఆ ఫైళ్లన్నీ అటు వెళతాయి. పార్టిషన్‌ను ముట్టుకోకుండానే పని జరుగుతుంది, డి కి ఒక పని దొరుకుతుంది.

ఈ క్రమంలో ఎప్పుడైనా డిస్కును డైనమిక్‌గా మారుస్తాం, సరేనా అని విండోస్ అడిగితే వద్దని చెప్పండి. డైనమిక్ డిస్కుల పద్ధతిని మైక్రోసాఫ్ట్ తానే పక్కన పెడుతోంది. వెనక్కి రావడం కష్టం.

పాత లినక్స్‌ను తీసేయాలనుకునేవారు క్రమం తప్పకూడదు. కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్, లినక్స్ రెండిట్లో ఏది కావాలని అడిగే జాబితా కనిపిస్తుంటే, అది గ్రబ్ అనే లినక్స్ ప్రోగ్రామ్ చూపించేది. లినక్స్ పార్టిషన్‌ను ముందే తీసేస్తే గ్రబ్‌కు తన ఫైళ్లు దొరకక, నల్లటి తెర మీద గ్రబ్ రెస్క్యూ అనే మాట దగ్గర ఆగిపోతుంది. ముందు బయోస్ సెట్టింగుల్లో విండోస్ బూట్ మేనేజర్‌ను మొదటి వరసకు తెచ్చి, కంప్యూటర్ నేరుగా విండోస్‌లోకి వస్తోందని చూసుకోండి. బాగా పాత కంప్యూటర్ అయితే విండోస్ యూఎస్‌బీతో బూట్ రికార్డును సరిచేయించండి. ఆ తర్వాతే లినక్స్ భాగాన్ని తీయండి.

ఒకవేళ పొరపాటున తీయకూడనిది తీసేస్తే? గాభరా పడకండి. డిలీట్ వాల్యూమ్ పట్టికలోని వరసను చెరుపుతుంది, లోపలి ఫైళ్లను వెంటనే చెరపదు. వాటి మీద కొత్తవి రాయనంతవరకు తిరిగి దొరికే ఆశ ఉంది. కాబట్టి వెంటనే కంప్యూటర్‌ను ఆపండి. ఆ చోటును ఫార్మాట్ చేయకండి, ఏదీ కాపీ చేయకండి. ఫ్రాన్స్‌కు చెందిన క్రిస్టొఫ్ గ్రెనియే రాసిన టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రామ్ పోయిన పార్టిషన్లను వెతికిపెడుతుంది. తెలిసినవారి చేత చేయించుకోండి. తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ రకం డిస్కుల్లో మాత్రం ఈ ఆశ తక్కువ, ఎందుకంటే అవి వదిలేసిన చోటును తామే శుభ్రం చేసుకుంటాయి.

ఇదే సంగతికి రెండో వైపు కూడా ఉంది. కంప్యూటర్‌ను అమ్మేటప్పుడు పార్టిషన్ తీసేశాం కదా అనుకుంటే చాలదు. కొన్నవారు మీ ఫొటోలు, బ్యాంకు కాగితాలు వెలికి తీయగలరు. విండోస్ రీసెట్‌లో డ్రైవ్‌ను పూర్తిగా శుభ్రం చేసే ఎంపిక ఉంది. సమయం ఎక్కువ పట్టినా దాన్నే వాడండి.

చివరగా, నేను అన్నిటికంటే ముఖ్యమని నమ్మే మాట. డి డ్రైవ్ బ్యాకప్ కాదు. విండోస్ చెడితే డి లోని ఫైళ్లు మిగులుతాయి, నిజమే. కానీ డిస్కే చెడితే సి, డి, ఈ అన్నీ ఒక్కసారే పోతాయి. అక్షరాలు వేరైనా అవన్నీ ఒకే యంత్రం మీద ఉన్నాయి. అమ్మానాన్నల ఫొటోలు డి లో భద్రంగా ఉన్నాయని ఏళ్ల తరబడి నమ్మి, ఒకరోజు డిస్కు తిరగడం ఆగిపోతే అన్నీ పోగొట్టుకున్న ఇళ్లు మన చుట్టూ ఉన్నాయి. ఆ నష్టాన్ని ఏ పార్టిషన్ ఆపలేదు. మరో డిస్కులో ఉన్న కాపీ ఒక్కటే ఆపగలదు.

అందుచేత శ్రోతలను కోరేది ఇది. డిస్కులో విభజనలు తగ్గించుకోండి. ఒక్క డ్రైవ్ అయినా చాలు, విండోస్‌కొకటి, ఫైళ్లకొకటి అని రెండున్నా చాలు. అక్షరం లేని సిస్టమ్ భాగాలను అలాగే ఉండనివ్వండి. కలపడం చేతకాదనిపిస్తే ఖాళీ డి ని ఖాళీగానే వదిలేయండి, దానివల్ల కంప్యూటర్‌కు ఏ హానీ లేదు. కానీ ఈ ఆదివారం ఒక బయటి డిస్కు తెచ్చి, పోతే మళ్లీ దొరకని ఫైళ్లను మాత్రం అందులోకి కాపీ చేయండి. పార్టిషన్ల పని వచ్చే నెలకు వాయిదా వేసుకోవచ్చు, ఈ పని వాయిదా వేయకండి.